ఇంటిపేరు లేని కాలమ్

ఒక పేరు మీద ఇంకో పేరు పడితే ఏమవుతుందో కృపాజ్యోతికి ఆరో తరగతిలోనే తెలుసు. ఆ తరగతిలో ఇద్దరు కృపాజ్యోతులు ఉండేవారు. టీచరు పిలిస్తే ఇద్దరూ లేచేవారు. ఒకసారి ఈమె లెక్కల పేపరు ఆ అమ్మాయి చేతికి వెళ్లింది. అప్పటినుంచి టీచరు ఇంటిపేరు కలిపి పిలవడం మొదలుపెట్టింది. 'బొంతు' అనే రెండక్షరాలు ముందుగా వచ్చి, నిన్నే అని భుజం తట్టేవి.

ఇప్పుడామెకు ఇరవై తొమ్మిదేళ్లు. అనకాపల్లిలో ఒక బెల్లం కొట్టు మీది రెండు గదుల ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తుంది. కిందినుంచి వచ్చే తీపి వాసన మధ్యాహ్నానికి కీబోర్డు మీద కూడా పేరుకున్నట్టుంటుంది. ఆమె పని పైకి కనిపించేది కాదు. బాగా కుదిరితే ఎవరికీ తెలియదు. తప్పితే మాత్రం ఎక్కడో ఒక మనిషి గేటు బయట నిలబడాలి.

అచ్యుతాపురంలోని ఒక మందుల కంపెనీ తన బస్సుల జాబితాను కాగితం నుంచి ఫోనులోకి మార్చమంది. ఏ స్టాపులో ఎవరు ఎక్కుతారో డ్రైవరుకీ గేటుకీ ఒకేసారి కనిపించాలి. ముందు చీడికాడ వైపు కొత్తగా చేర్చిన ఒక్క స్టాపుతో మొదలుపెడదామన్నారు. పైడితల్లమ్మ గుడి ఎదురుగా బస్సు ఆగుతుంది కాబట్టి ఆ స్టాపు పేరు పైడితల్లి.

కంప్యూటరులో కార్మికుల వివరాలకు ఒక టేబుల్, స్టాపుల వివరాలకు ఒక టేబుల్. రెండింటినీ జోడించి ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క వరుస తీయాలి. ఆ స్టాపులో ఎక్కే నలుగురిలో శుక్రవారానికి ఒక్కరి వివరాలే వచ్చాయి. కృపాజ్యోతి ఆ వరుసను తెరిచి చూసింది. పేరు: పైడితల్లి. సరిగ్గానే ఉంది, ఆ కార్మికురాలి పేరూ పైడితల్లే. ఆ పక్క ఊళ్లలో అమ్మవారి పేరు పెట్టుకోని ఇల్లు అరుదు. బాగుందని పంపేసింది. మిగతా ముగ్గురి వివరాలు శనివారం చేరాయి. వాటిని ఆమె తెరిచి చూడలేదు.

సోమవారం పొద్దున్నే డ్రైవరు సత్తియ్య ఫోన్ చేశాడు.

"అమ్మా, నలుగురికీ పైడితల్లనే పేరెట్టీసేవేటి?"

"నలుగురికా?"

"నలుగురికీ! అమ్మోరు అందరికీ ఒకేపాలి పూనిందనుకున్నాను. నాకు తెలిసినోలే గదాని ఎక్కించుకొచ్చేను. గేటుకాడ మాత్రం కార్డు సూసి ఒక్క పైడితల్లినే లోపలికి పోనిచ్చేరు. మిగతా ముగ్గురూ నా బస్సులోనే కూకున్నారు. అప్పలకొండమ్మయితే ఒకటే ఏడుపు."

"ఎందుకు?"

"దానికిది ట్రయల్ నెల. పిల్లకి జొరమొచ్చి రెండ్రోజులు మానీసింది. మూడో ఆబ్సెంటు పడితే ఇంక రావొద్దంతారు. బేగి ఏదోటి సెయ్యమ్మా."

ఆమె కంప్యూటరు తెరిచింది. తప్పు దాక్కోలేదు. రెండు టేబుళ్లలోనూ 'నేమ్' అనే కాలమ్ ఉంది. జోడించిన వరుసలో రెండు 'నేమ్'లు వచ్చాయి. వాటిని అందుకునే చోట మాత్రం 'నేమ్'కి ఉన్నది ఒక్కటే గడి. మొదట మనిషి పేరు వచ్చి కూర్చుంది. వెనకే స్టాపు పేరు వచ్చి దాని మీద కూర్చుంది. కంప్యూటరు కసురుకోలేదు, ఎర్ర అక్షరం చూపించలేదు. నలుగురు ఆడవాళ్లను చప్పుడు లేకుండా ఒక గుడి పేరులో కలిపేసింది.

సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. రెండు 'నేమ్'ల ముందూ వాటి ఇంటిపేర్లు చేర్చింది. ఒకటి వర్కర్ నేమ్, ఇంకొకటి స్టాప్ నేమ్. వరుసలు మళ్లీ తీసింది. నాలుగు వేర్వేరు పేర్లు. కానీ అప్పలకొండమ్మ ఎదురుగా పడిన ఆబ్సెంటు పది నిమిషాలకు కదిలేది కాదు.

ఆఫీసు యజమాని ధనరాజ్ వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"సర్వర్ కాసేపు ఆగిందని మెయిల్ పెట్టెయ్ జ్యోతీ. అందరికీ జరిగేదే కదా."

"సర్వర్ ఆగిందంటే ఆమె ఆబ్సెంటు ఆగదు సార్. జాబితాయే తప్పని రాస్తేనే కొట్టేస్తారు."

"తప్పు మనదని మనమే రాసిస్తే, మిగతా బస్సుల పని ఇంకెవరికో పోతుంది."

కింద బెల్లం దిమ్మలు దించుతున్న చప్పుడు ఒక్కొక్కటిగా మెట్లెక్కి వస్తోంది. శుక్రవారం తను చూసిన ఆ ఒక్క వరుస గుర్తొచ్చింది. సరిగ్గా ఉందనుకుంది. నిజానికి అది పొరపాటున సరిపోయింది.

"నా పేరు మీద రాస్తాను సార్. ఆఫీసు పేరు వద్దు."

"ఆఫీసులో ఉన్నదే నలుగురం," అన్నాడు ధనరాజ్. కొంతసేపు సీలింగు ఫ్యానును చూసి, "రాయి. నన్నూ కలుపు," అన్నాడు.

ఆమె గేటు దగ్గర ఆగిపోయిన ముగ్గురి పేర్లూ రాసింది. ఆ ముగ్గురూ వేళకే బస్సెక్కారని, గేటు దాకా వచ్చారని, పేర్లు మార్చింది తన ప్రోగ్రామని, తను ఒక్క వరుసే చూసి పంపానని రాసింది. పాత జాబితా, కొత్త జాబితా రెండూ జతచేసింది. సాయంత్రం నాలుగున్నరకు కంపెనీనుంచి జవాబు రెండు ముక్కల్లో వచ్చింది. ముగ్గురి ఆబ్సెంటూ రద్దు. మిగతా బస్సుల సంగతి నెల తర్వాత చూస్తాం.

మర్నాడు తెల్లవారుజామున ఐదుంబావుకు ఆమె స్కూటీ మీద ఆ స్టాపుకు వెళ్లింది. చెరకు తోటల మీద మంచు ఇంకా కరగలేదు. టిఫిన్ క్యారేజీతో నిలబడిన సన్నటి మనిషి అప్పలకొండమ్మ అని అడగకుండానే తెలిసింది.

"పేర్లెట్టినమ్మవి నువ్వేనేటి? ఏదమ్మా, నా పేరు సూపించు."

కృపాజ్యోతి ఫోన్ ముందుకు పెట్టింది. అప్పలకొండమ్మ వేలితో ఒక్కొక్క అక్షరం మీదుగా వెళ్లి, చివరి 'మ్మ' దగ్గర ఆగింది.

పక్కనుంచి పైడితల్లి నవ్వింది. "నిన్న నా పేరెట్టుకున్నావు గదే. ఎలాగుంది?"

"ఏటుంది? నీ పేరెట్టుకుని బస్సులో కూకున్నాను."

బస్సు వచ్చింది. నలుగురూ ఎక్కారు. సత్తియ్య కృపాజ్యోతికి చెయ్యి ఊపాడు. ఆమె ఇంటికి బయల్దేరలేదు. గుడి అరుగు మీద కూర్చుని ఫోన్ చూస్తూనే ఉంది. గేటు దాటిన వాళ్ల పేరు పక్కన పచ్చ చుక్క పడుతుంది. ఆరు దాటిన ఏడు నిమిషాలకు మొదటి చుక్క, వెంటనే రెండోది, మూడోది. నాలుగోది ఆలస్యమైంది. తోటల్లో ఎవరో మోటారు వేశారు. నీళ్లు కాలవలోకి పడుతున్న చప్పుడు మొదలైంది.

అప్పలకొండమ్మ పక్కన పచ్చ చుక్క వెలిగింది. కృపాజ్యోతి లేచి, చీర కుచ్చిళ్లకు అంటిన మట్టి దులుపుకుని, స్కూటీ తాళం వెతుక్కుంది.