కిందికి దొర్లిన నిప్పు

మేము సైన్యం పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. తొంభైల మొదట్లో, ఒక మార్చి నెల. కాశ్మీరులో పూంఛ్ వైపు కొండ, ఎత్తు ఐదున్నర వేల అడుగులు. వీపున ఇరవై రెండు కిలోల సామాను, చేతిలో రైఫిల్. చివరి కిలోమీటరుకు గంటా పది నిమిషాలు పట్టింది. దారి పొడుగునా పైన్ చెట్లు. రాలిన సూదుల్లాంటి ఆకులు చీలమండ లోతున పరుచుకుని ఉన్నాయి. వాటి మీద బూటు నిలవదు. మూడుసార్లు పడ్డాను.

ఊళ్లో అందరూ కాల్పుల గురించే అడుగుతారు. ఆ ఏడాది నేను తుపాకీ పేల్చింది తక్కువ. నేను చేసిన నష్టం వేరు.

పోస్టులో తొమ్మిది మందిమి. హవల్దారు గఢ్వాల్ మనిషి. వంటాయన జహీరాబాద్ వైపు నుంచి వచ్చాడు, నాకంటే ఆరేళ్లు పెద్ద. తెలుగు మాట్లాడుకోవడానికి నాకు ఆయనొక్కడే. కింది ఊరి నుంచి ఒక ముసలాయన వస్తుండేవాడు, అందరం చాచా అనేవాళ్లం. పోస్టు కింది వాలుకు ఆయన అటవీ శాఖ కాపలాదారు. ఒకప్పుడు ఆ వాలు జారి ఆయన ఊరి నీటి ఊటను పూడ్చేసింది. మట్టి మళ్లీ కదలకుండా అక్కడ పైన్ మొక్కలు పెంచుతున్నాడు.

"మొదటి మూడు నాలుగేళ్లు గడ్డి పోచలానే ఉంటుంది సాబ్. లోపల వేరు దిగుతుంటుంది. ఆ తర్వాతే పైకి లేస్తుంది" అని హిందీలో చెప్పాడు. నడుమెత్తు మొక్కను చూపించి ఎనిమిదేళ్లన్నాడు. మొక్క చుట్టూ ముళ్లకంప కట్టి ఉంది.

మే నెలలో ఆర్డరు వచ్చింది. బంకరు చుట్టూ ముప్పై అడుగుల మేర రాలిన ఆకు లాగి ఎత్తిపోయాలి. నిప్పు పెట్టకూడదు. పని నాకు పడింది. నాలుగు రోజుల పని. మాది పటాన్‌చెరు దగ్గర ఇంద్రేశం. ఎండాకాలం పొలం గట్ల మీద గడ్డి కాల్చి పెరిగినవాణ్ణి. నిప్పు సంగతి నాకు తెలుసనుకున్నాను. రెండో రోజు పదకొండింటికి వంటాయన దగ్గర అగ్గిపెట్టె అడిగాను.

"ఎందుకు తమ్మీ? బీడీ బంద్ చేసినవ్ గదా."

"జెర పనుందన్నా."

"నీ పని నాకెరుకే. ఒళ్లు వంగదు నీకు."

ఆయనిచ్చిన పెట్టెతో ఆకుకు నిప్పు పెట్టాను. పగలు గాలి లోయ నుంచి పైకి వీస్తుంది. పైన పెద్ద బండ ఉంది. మంట పైకి పోయి బండ దగ్గర ఆగిపోతుందని నా లెక్క. ఆగింది కూడా. కానీ ఆకుల్లో పైన్ కాయలున్నాయి. మా పొలాల్లో మండేది మండిన చోటే ఉంటుంది. పైన్ కాయ అంటుకుంటే దొర్లుతుంది. ఒకటి ఎగిరెగిరి కిందికి పోయింది. దాని వెనక ఇంకో నాలుగు. అవి ఆగిన చోట ఎండుగడ్డి అంటుకుంది. నలభై నిమిషాల్లో చాచా వాలంతా పొగ.

రేడియోలో కింది పోస్టు అడిగింది. "మీ వాలు మండుతోంది. ఎవరు పెట్టారు?"

హవల్దారు నా వైపు చూశాడు.

"పశువులవాళ్లేమో సాబ్. కిందే మొదలై పైకి వచ్చింది" అన్నాను. ఆయన ఆ మాటే రేడియోలో చెప్పాడు.

పశువులవాళ్లను రానిచ్చాడని నేరం చాచా మీద పడింది. గురువారం ఆఫీసరు విచారణకు వస్తాడన్నారు. ముందు రోజు వంటాయన రొట్టెలు కాలుస్తూ అడిగాడు.

"రేపు చెప్తవా మరి?"

"చెప్తే నౌకరీ పోతదన్నా."

"ఏం పోదు. పదిహేను దినాలు లోపలేస్తరు. ముసలాయనకు ఉన్నదే గా పని."

"నువ్వు చెప్తవా ఏంది?"

"నేనెందుకు చెప్త? పెట్టింది నువ్వు. నీ నోటితోనే రావాలె."

గురువారం పదింటికి ఆఫీసరు అడిగాడు. అదే అబద్ధం మళ్లీ చెప్పాను. ఒక నిమిషం కూడా పట్టలేదు. చాచా అక్కడే నిలబడి విన్నాడు. నిప్పు ఎక్కడి నుంచి ఎటు పోయిందో కాలిన నేల చూస్తే ఆయనకు తెలియకుండా ఉండదు. యూనిఫాం మాట మీద తన మాట చెల్లదని కూడా ఆయనకు తెలుసు. ఆ వారమే ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత వంటాయన నాతో అన్నం మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు.

సెప్టెంబరులో నా వంతు ముగిసింది. ఉదయం ఏడింటికి దిగడం మొదలుపెట్టాను. పెద్ద పైన్ చెట్లు చావలేదు. వాటి బెరడు మందం. మనిషెత్తు వరకు నల్లగా, ఆపైన పచ్చగా ఉన్నాయి. చాచా మొక్కలు మాత్రం బొగ్గు పుల్లలై నిలబడ్డాయి. పెద్ద చెట్ల గింజలు బూడిదలో రాలి, వానలకు అక్కడక్కడా మొలిచాయి. ఆ వాలులో చాచా గొంతుక్కూర్చుని ఉన్నాడు. మట్టి కొట్టుకుపోకుండా ఒక్కో మొలకకు పైవైపున రాయి పెడుతున్నాడు. ఇప్పుడది ఆయన ఉద్యోగం కాదు.

ఆగాను. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయన నా ముఖం వైపు చూడలేదు.

"కాలు పక్కకు పెట్టండి సాబ్. అక్కడొకటుంది."

పక్కకు పెట్టాను. అలాగే దిగిపోయాను.

సైన్యంలో సర్వీసు ముగిసి ఇంటికి వచ్చాక పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పని దొరికింది. ఉత్తరం రాయాలనుకున్నాను. చిరునామా తెలియదని మానేశాను. అటవీ శాఖకు రాస్తే చేరేది, అదీ నాకు తెలుసు. మా వాళ్లు యుద్ధం కథలు అడిగినప్పుడు మంచు గురించి చెప్తాను. నాకు కనిపించేది ఒకటే. నా బూటు పక్కన వేలెడంత మొలక, బూటుకూ మొలకకూ మధ్య ఆయన అడ్డం పెట్టిన అరచెయ్యి.