టోపీ అడ్డం పెట్టిన ఎసెన్‌బెక్

మా నరిన్ కొండల్లో వేటకొచ్చే విదేశీయులకు దారి చూపే ఎసెన్‌బెక్ మా పక్కింటివాడే. నిరుడు ఒకాయన లోయ అవతలినుంచి కాల్చిన కొండమేక మూడు రోజులు కుంటుతూ తిరిగి చచ్చింది. అప్పటినుంచీ తను వెంటనే నడిచి చేరలేనంత దూరాన ఉన్నదాన్ని ఎవరినీ కాల్చనివ్వడు.

నిన్న ఒక అతిథి కిలోమీటరు దూరంనుంచే గురిపెట్టాడట. ఎసెన్‌బెక్ తుపాకీ ముందు టోపీ అడ్డం పెట్టేశాడట. ఆయన మండిపడి, వేట శిబిరం యజమానితో చెప్పి పనిలోంచి తీయిస్తానన్నాడట. శిబిరానికి సరుకులు తెచ్చే డ్రైవరు ఈ మాట చెప్పగానే నేను ఎసెన్‌బెక్ ఇంటికి పరుగెత్తాను. అతని భార్య జిల్దీజ్ ఏడుస్తూ కూర్చుంది.

సాయంత్రం అతను వచ్చాడు.

"పని ఊడిందిరా?" అన్నాను.

"లేదు పెద్దమ్మా. దగ్గరికి చేరేదాకా ఆయన్ని రెండు గంటలు నేలమీద పాకించాను. తిడుతూనే పాకాడు. రెండొందల మీటర్లనుంచి ఒక్కటే గుండు, మేక నిలుచున్నచోటే పడింది. వచ్చే ఏడాది కూడా నువ్వే రావాలన్నాడు."

"ఈ ముక్క వాకిట్లోనే అరిచి చెప్పొచ్చుగా, నా ప్రాణం పోయింది!" అని జిల్దీజ్ అతని వీపుమీద ఒక్కటిచ్చి, నవ్వుతూ టీ పోసింది.