గేటు కంప్యూటర్ వెనకబడిన రోజులు

ఈ బరువు ఎన్నేళ్ళుగా మోస్తున్నానో నాకే సరిగ్గా గుర్తులేదు. పైగా నవ్వొచ్చే బరువు. ఎదుటివాళ్ళు ఏడుస్తుంటే తప్పు ఒప్పుకోవడం తేలిక. అందరూ నవ్వుతూ, వాళ్ళతోపాటు నేనూ పగలబడి నవ్వుతుంటే, ఎక్కడ ఆపి చెప్పను?

గల్ఫ్‌లో, బిర్కత్ అల్ అవామిర్ అనే చోట మా లేబర్ క్యాంప్. గేటు దగ్గరి కంప్యూటర్ చూసుకోవడం నా డ్యూటీ. సైటుకు వెళ్ళే బస్సు గేటు దాటగానే అది టైం నమోదు చేస్తుంది. దానికి ఇంటర్నెట్ లేదు. లోపల రెండు గడియారాలుంటాయి. కంప్యూటర్ ఆన్‌లో ఉన్నంతసేపూ సిస్టం నడిపేది ఒకటి, ఆపేసినా బోర్డు మీది చిన్న బ్యాటరీతో నడిచేది ఇంకొకటి. ఆన్ చేసినప్పుడల్లా మొదటిది రెండోదాన్ని చూసి టైం తీసుకుంటుంది. వారానికోసారి రెండింటినీ పోల్చి, తేడా ఉంటే సరిచేయాలి. ఆ రోజుల్లో క్యాంప్‌లో క్యారమ్స్ పోటీలు. నేను ఫైనల్‌కు వచ్చాను. ఇక గడియారాలు ఎవరికి గుర్తు?

బ్యాటరీ నీరసించింది. బోర్డు గడియారం వెనకబడింది. దాన్ని నమ్మిన సిస్టమూ వెనకబడింది.

బస్సు డ్రైవర్ ఖాజా భాయ్‌ది నిజామాబాద్ వైపు. తను పాడుతూ బస్సునంతా పాడించేవాడు. టైంకే కదిలేవాడు. కంప్యూటర్ మాత్రం రోజూ ముందే వెళ్ళిపోయాడని చూపించింది. నిద్ర లేవక బస్సు అందుకోలేకపోయినవాళ్ళకు పండగే పండగ. మా తప్పు కాదు, కంప్యూటరే చెప్తోంది అన్నారు.

ఖాజా భాయ్‌కూ నాకూ ఆఫీసు నుంచి పిలుపు రాగానే నాకు అనుమానమొచ్చింది. పరుగున వెళ్ళి రెండు గడియారాలనూ నా ఫోన్‌తో పోల్చాను. రెండూ కొన్ని నిమిషాలు వెనక! అప్పుడే చెప్పొచ్చుగా? చెప్పలేదు. బ్యాటరీ మార్చి, రెండింటినీ సరిచేసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి నిలబడ్డాను.

"టైం కాకముందే ఎందుకు వెళ్ళిపోతున్నావయ్యా?" అన్నారు మా సూపర్‌వైజర్. ఆయనది కాకినాడ.

"లేదు సార్, ఐదు అయినంకనే కదుల్తున్న. ఆ కంప్యూటర్‌ల టైం ఒక్కసారి చూడుండ్రి" అన్నాడు ఖాజా భాయ్.

చూశారు. ఆయన ఫోనూ కంప్యూటరూ ఒకే టైం చూపించాయి.

సూపర్‌వైజర్ నావైపు తిరిగారు. "నువ్వు వారం వారం చూస్తున్నావా?"

"చూస్తున్న సార్. తేడా మాఫీ, ఏం లేదు."

ఖాజా భాయ్ నన్ను చూసి తలూపాడు. "తమ్మీ చూసిండంటే కరెక్టే ఉంటది సార్. నేనే తొందర పడుతున్ననేమో."

నన్ను నమ్మి, తనను తాను అనుమానించుకున్నాడు. అతను కాస్త కోప్పడి ఉంటే నాకింత బాధ ఉండేది కాదేమో.

అతన్ని బస్సు నుంచి తీసి నీళ్ళ ట్యాంకర్‌కు వేశారు. 'తొందర ఖాజా' అని పేరు పెట్టారు. కొత్త డ్రైవర్ కూడా సరిగ్గా ఆ టైంకే కదిలేవాడు. ఇప్పుడు కంప్యూటర్ సరిగ్గా ఉంది కాబట్టి, ఎంత పద్ధతైన మనిషని అందరూ మెచ్చుకున్నారు! నేనూ మెచ్చుకున్నాను. సిగ్గు లేదా నాకు?

ఖాజా భాయ్ ఇప్పుడు అల్ ఘర్రాఫాలో ఒక ఇంటి కారు నడుపుతున్నాడు. శుక్రవారాలు పిలిచి బిర్యానీ పెడతాడు. "నాకు జర తొందరెక్కువ తమ్మీ" అని తన మీద తనే జోకులేసుకుంటాడు. కారు తీసేముందు మాత్రం రెండుసార్లు టైం చూస్తాడు. తినేటప్పుడు అదే గుర్తొస్తుంది. అయినా తింటాను, అంత బాగుంటుంది.

అతను క్షమిస్తాడో లేదో నాకు తెలియదు. ఇంకా అడగలేదు. మీకు మాత్రం చెప్తున్నాను. ఖాజా భాయ్ ఏనాడూ తొందరపడలేదు. గడియారాలు నేను చూడలేదు. చూశానన్నాను.

ఇదిగో, రాసేశాను. పైకి చదువుకున్నాను కూడా. ఇక వినిపించాల్సింది ఖాజా భాయ్‌కే.