చెప్పుల కింద కనకవ్వ జంపఖానా

"కనకవ్వ నేసిన జంపఖానా మీద చెప్పులు ఇడుస్తాండ్రక్కా!" అని నాకు మొదట చెప్పింది పూలమ్మే సత్తెమ్మ. పోయిన శ్రావణంలో మా గుడిలో అన్నదానం జరుగుతున్న రోజది.

కొత్తవాడ కనకవ్వ ఇరవై ఏళ్లుగా కూలికి జంపఖానాలు నేస్తోంది. మొదటిసారి సొంత డబ్బుతో నూలు కొని, భక్తులు కూర్చుని భోంచేయడానికని ఒకటి నేసి గుడికిచ్చింది. "నా చేతితోని ఇయ్యగలిగిన. ఇగ నేను గరీబుదాన్ని గాదక్కా" అని మురిసిపోయింది.

నేను పరుగున వెళ్లాను. లోపలంతా ఒక సేటు పంపిన తివాచీలు. మైకులో ఆయన పేరే మారుమోగుతోంది. కనకవ్వ జంపఖానా గుమ్మం బయట చెప్పుల కింద ఉంది. పక్కనే ఆమె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నా ఒళ్లు మండిపోయింది.

నాన్న దగ్గర ఇంట్లోనే చదువుకున్న నాకు నలుగురిలో నోరు పెగలదు. అయినా చెప్పులన్నీ పక్కకు నెట్టి జంపఖానా లాగాను.

"ఏం లొల్లమ్మా ఇది? గుడికి ఇచ్చినంక మా ఇష్టం" అన్నాడు కమిటీ పెద్ద.

నేను నోరు తెరిచేలోపే కనకవ్వ అంది: "కూసోని తినెటందుకు ఇచ్చిన సారూ. చెప్పులు ఇడిచెటందుకు ఇయ్యలే."

 మేమిద్దరం దాన్ని దులిపి మొదటి పంక్తిలో పరిచాం. కమిటీ పెద్ద తప్పుకున్నాడు కానీ, తప్పయిందని అనలేదు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

నలుగురికి పెట్టే స్థితి ఇచ్చినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. ఆ స్థితి సేటుకెంతో కనకవ్వకూ అంతే. మీరు ఏ అన్నదానంలో పంక్తిలో కూర్చున్నా, మా కనకవ్వను ఒక్కసారి తలచుకోండి.