గొంతు మాత్రం ఆమెదే

మా పాత ఇంటి ఓనరమ్మ పోయిందని మొన్న పొద్దున ఆవిడ కోడలు ఫోన్ చేసింది. నేను నాగోల్‌లో మా ఫ్లాట్ బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. నిద్రలోనే పోయిందట. "నీకు ముందుగాల చెప్పమని ఎప్పుడూ అంటుండె అక్కా" అని కోడలు ఏడ్చింది. చేతిలో తడి దుప్పటి మళ్లీ బకెట్‌లో పడేసి వాళ్లింటికి బయలుదేరాను.

మావారికి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ కాలేజీలో ఉద్యోగం వచ్చినప్పుడు పశ్చిమ గోదావరి నుంచి వచ్చి, కొత్తపేటలో వాళ్ల మేడ మీద అద్దెకు దిగాం. ఓనరమ్మ వాళ్లది అక్కడి పాత ఊరి కుటుంబం. సరూర్‌నగర్ చెరువు కింద వాళ్లకు పొలం ఉండేది. అది ప్లాట్లయింది. మిగిలిన ముక్కలో కట్టిందే ఆ ఇల్లు. వయసులో ఉండగా ఆ మళ్లలో నాట్లేసిన మనిషి. చదువు లేదు కానీ పాట లేకుండా ఏ పనీ చేసేది కాదు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో వాళ్లింట్లో టీవీ ఎప్పుడూ వార్తల మీదే ఉండేది. అందుకని సాయంత్రం సీరియల్ చూడటానికి పైకి, మా ఇంటికి వచ్చేది. సీరియల్ మొదట్లో వచ్చే పాట బాణీ పట్టుకుని, దానికి సొంత మాటలు కట్టి, మర్నాడు వాకిలి ఊడుస్తూ ఆ సీరియల్లో అత్తను కడిగేసేది. ఇంకొకళ్ల బాణీ కదా అని ఒకసారి నవ్వుతూ అడిగాను. "పాటకు పట్టా ఉండదు బిడ్డా. ఎవలు పాడితె వాల్లది" అంది.

చౌరస్తాలో దీక్షా శిబిరం వేశారు. కాలనీ ఆడవాళ్లు వంతులవారీగా కూర్చునేవారు. ఆవిడా వెళ్లింది. వెళ్లినట్టు నాకు తనే చెప్పింది, ఏం దాచలేదు. మాకు భయంగానే ఉండేది. కాలేజీ ఎప్పుడు తెరుస్తారో, ఎల్‌బీ నగర్‌లో మా ఊరి బస్సు ఎప్పుడు ఆపేస్తారో తెలియని రోజులవి. వీధిలో మా యాస వినపడకుండా మాట్లాడుకునేవాళ్లం. అయినా కింద నుంచి వేడి జొన్నరొట్టె రావడం మాత్రం ఆగలేదు.

ఆ శిబిరంలో మైకు చేతికిస్తే ఆవిడ తను కట్టిన పాట పాడింది. "నాటేసిన మడికాడ నా అడుగు ఏదమ్మా, ఇల్లు లేచిన కాడ నా నీడ ఏదమ్మా" అని సాగే పాట. కాలేజీ పిల్లలు ఫోన్లలో రికార్డు చేశారు. ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కు అది ఎంత తొందరగా పాకిందంటే, కొద్ది రోజులకే మా వీధిలో కూరగాయల బండి అతని ఫోన్ ఆవిడ గొంతుతో మోగింది. ఆవిడ ముచ్చటపడి మళ్లీ మోగించమంది. "నేను ఈడ నిలవడ్డ. నా గొంతు వాని జేబుల ఉంది" అని నాతో చెప్పుకుని మురిసిపోయింది.

తర్వాత ఎవరో ఆ పాటకు డప్పులు కలిపి, వేగం పెంచి, వీడియో తీశారు. పట్టుచీర కట్టిన పడుచుపిల్ల చెరువు గట్టున నిలబడి పెదాలు కదుపుతుంది. గొంతు మాత్రం మా ఓనరమ్మదే. పాట పొడుగైందని చివరి చరణం కోసేసి, ఆవిడ గొంతులాంటి ఇంకో గొంతుతో వేరే చరణం అతికించారు. మూట సర్దుకో, ఎల్‌బీ నగర్‌ల బస్సెక్కు అని అందులో మాట. లోకల్ కేబుల్‌లో రోజంతా అదే.

మావారు దాన్ని ఆటోలో విన్నారు. ఇంటికి వచ్చి, ఇంటి ఓనరమ్మే పొమ్మంటుంటే ఇంకా ఎలా ఉంటామని, మర్నాడే ఖాళీ అట్టపెట్టెలు తెచ్చారు. మెట్ల మీద ఆ పెట్టెలు చూసి ఆవిడ ఏందని అడిగింది. ఆయన ఫోన్ తీసి పాట పెట్టారు. ఆవిడ నిలబడే చివరిదాకా వింది. మళ్లీ పెట్టమంది. మళ్లీ వింది. తర్వాత మా వంటింట్లోకి వచ్చి, పొయ్యి పక్కన కింద కూర్చుని, డప్పు లేకుండా, నిదానంగా, పాట మొత్తం పాడింది. కోసేసిన చరణం నేను వినడం అదే మొదటిసారి. నా మడి మీద లేచిన ఇంటి లోపలి తల్లికి దూప అయితే పిలవమను, నా బాయి నీళ్లు తోడిస్తా అని ఉంది అందులో.

"పాట నాదే. గా మాట నాది గాదు. నమ్ముతవా బిడ్డా?" అని మావారిని అడిగింది.

"నమ్ముతాను పెద్దమ్మా" అన్నారాయన. పెట్టెలు అటక మీదికి పోయాయి.

ఆవిడ అక్కడితో ఊరుకోలేదు. నన్ను తోడు తీసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో ఫోన్లకు పాటలు ఎక్కించే షాపుకి వెళ్లింది. ఆ షాపతను మంచివాడే. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. "నా కంప్యూటర్ల కెల్లి తీసేస్తనమ్మా. అందరి ఫోన్లల్ల కెల్లి ఎవరు తీస్తరు?" అన్నాడు. అసలు జనం పాటకు ఓనరెవరని కూడా అన్నాడు. ఆవిడ చాయ్ గ్లాసు కింద పెట్టి, "పాట ఎవలదన్న గానీ. గొంతు నాది గద" అంది. అతను తన కంప్యూటర్లోంచి ఆ పాట తీసేశాడు.

ఆ తర్వాత పాడటం తగ్గింది. మొదట శిబిరంలో మానేసింది, తర్వాత బతుకమ్మ దగ్గర చప్పట్లు కొడుతూ ఊరికే తిరిగేది. చివరికి వాకిలి కూడా మౌనంగా ఊడ్చేది. రాష్ట్రం వచ్చిన రోజు అందరికీ స్వీట్లు పంచింది, మాకు తనే నోట్లో పెట్టింది. వేదిక మీదికి పిలిస్తే మాత్రం గొంతు బాలేదని చెప్పి పంపేసింది. సాయంత్రం ఊరేగింపు లారీ ఆ డప్పుల పాటతో వీధిలోకి వస్తే లోపలికి పోయి తలుపేసుకుంది.

మేం నాగోల్ వచ్చేశాక కూడా అప్పుడప్పుడూ వెళ్లేదాన్ని. ఈ మధ్య మనవరాలి ఫోన్ పట్టుకుని, బొటనవేలితో ఒక్కో వీడియో పైకి తోస్తూ కూర్చునేది. ఒక పాట అందుకునేలోపే ఇంకోటి వచ్చేది. "అన్నీ మొదలైతున్నయి బిడ్డా. ఒక్కటి ఒడుస్తలేదు" అంది, నేను చివరిసారి చూసినప్పుడు.

మొన్న వాకిట్లో ఆవిడను పడుకోబెట్టారు. మనవరాలు నా పక్కకు వచ్చి, నానమ్మ పాడింది మీ దగ్గర ఏమన్నా ఉందా ఆంటీ అని అడిగింది. యూట్యూబ్ అంతా వెతికిందట. ఎన్ని రకాలుగా ఉన్నా, అన్నిట్లో ఆ బస్సెక్కు చరణమే ఉందట. లేదమ్మా అన్నాను. మా వంటింట్లో పాడినప్పుడు ఎవరూ ఫోన్ ఎత్తలేదు. ఆ కోసేసిన చరణం మాటలు నాకు గుర్తున్నాయి, దాని బాణీ లేదు.

పెద్ద అంబర్‌పేట్ నుంచి ఆవిడ చెల్లెలు వచ్చింది. అక్కతో కలిసి నాట్లేసిన మనిషి. పాడె ఎత్తే ముందు అక్క పాట ఒక్కసారి పాడమని ఆడవాళ్లు బతిమాలారు. ఆమె ముందుకు జరిగి, అక్క చెయ్యి పట్టుకుని, ఊపిరి తీసుకుంది. చుట్టూ ఒక్కసారిగా ఫోన్లు లేచాయి. అందరికంటే ముందు మనవరాలిది.

ఆమె వాటి వంక చూసి, పాట ఎత్తకుండానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు ఫోన్లు అలాగే గాల్లో ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటే దిగాయి.