పట్టాల మీద పోయినవాళ్ల పుస్తకం

రిటైరయినవాళ్లు మనవళ్లను ఆడిస్తారు. మా పెదనాన్న పేరు సమాధానం. ఆయన మాత్రం చనిపోయినవాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ తిరిగేవాడు. రైల్వే గ్యాంగులో ముప్పై ఏళ్లు పట్టాల పని చేశాడు. పనిలో రైలు కింద పడిన గ్యాంగువాళ్ల వివరాలన్నీ పొడుగు నోటుబుక్కులో ఎక్కించేవాడు. ఏ ఏడు, ఏ పూట, గ్యాంగులో ఎంతమంది, రైలొస్తుంటే విజిల్ ఊదే పని ఎవరిది. ఆఫీసు కాగితాల్లో మాత్రం అందరికీ ఒకటే కారణం: సొంత అజాగ్రత్త. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

తన సొంత గ్యాంగువాడైన చెంచురామయ్య పేజీ ఒక్కటే ఖాళీగా ఉండిపోయింది. అతని భార్య కామాక్షమ్మ ఉండేది సూళ్లూరుపేటకు దగ్గరే. వెళదామంటే ఏదో సాకు చెప్పి దాటేసేవాడు. ఈ వేసవిలో ఆయాసం ఎక్కువయ్యాక తనంతట తనే నా స్కూటర్ ఎక్కాడు. సగం దారిలో ఆపమన్నాడు.

"ఆ పొద్దు విజిల్ నా దగ్గరే ఉండిందమ్మా. మనుషులు చాలక రామయ్య ఒక్కడే గడ్డపారతో అవస్థ పడతా ఉంటే, విజిల్ జేబులో పెట్టి నేనూ ఒక చెయ్యి వేసినా. రైలొచ్చేది చూసుకోలేదు. మా గ్యాంగులో అందరం చేసేదే. ఎంక్వైరీలో మాత్రం ఊదినానని చెప్పినా. అతనే తప్పుకోలేదన్నా."

నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. ఇప్పుడీ మాట ఆమెకు ఎలా చెబుతాడు? చెప్పకుండా తిరిగొస్తే ఇక ఎప్పటికీ చెప్పడు. మళ్లీ స్కూటర్ ఎక్కించుకుని వెళ్లి, ఆమె తలుపు నేనే కొట్టాను.

కామాక్షమ్మ మజ్జిగ ఇచ్చింది. పెదనాన్న గ్లాసు ముట్టుకోలేదు. తల దించుకుని, ఆగి ఆగి, అంతా చెప్పేశాడు. ఆమె పొమ్మంటుందని నేను లేవబోయాను.

"తాగి పోయుంటాడన్నారన్నా ఊళ్లో," అంది కామాక్షమ్మ. "మా అత్త అదే నమ్మి పోయింది. విజిల్ ఊదినా కదల్లేదేందని ఇరవై రెండేళ్లు నేనూ ఆయన్నే తిట్టుకున్నా."

పెదనాన్న ఏడ్చేశాడు. కళ్లు తుడుచుకుని ఖాళీ పేజీ తీసి, రాయడం మొదలుపెట్టాడు.

"విజిల్ కాడ నీ పేరు రాసినావా?"

"రాసినానమ్మా."

ఆమె లేచి తలుపు బార్లా తెరిచింది.

"అయితే బయటికొచ్చి చదువు. ఈ వీధంతా వినాల."