పికప్ వెనక్కి జరిగిన లెక్క

గల్ఫ్‌లో ఉన్నప్పుడు, దార్సైట్‌లో మా ఫ్లాట్ హాల్లో పదకొండో తరగతి పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెప్పే రోజులవి. ఢీకొనే లెక్కలంటే వాళ్లకు హడల్. "ఎదురెదురుగా వస్తే ఒకదానికి మైనస్ పెట్టండర్రా! బరువుని వేగంతో హెచ్చవేస్తే వచ్చేదే మొమెంటం. గుద్దుకోక ముందు మొత్తం ఎంతో, తర్వాతా అంతే!" అని అరిచీ అరిచీ నా గొంతు పోయేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేశారు. బర్కా తోటల దగ్గర సన్నటి రోడ్డు మీద ఎదురుగా వచ్చిన పికప్ గుద్దిందట. ఎవరికీ దెబ్బలు తగల్లేదట. పక్కింటివాళ్ల కారులో పరుగెత్తాను. పోలీసులు వచ్చేదాకా బండ్లు కదపకూడదు కాబట్టి రెండూ ముక్కులు కరుచుకుని అలాగే ఉన్నాయి. పికప్ నిండా గడ్డిమోపులు. డ్రైవరు తోటలో పనిచేసే కడప మనిషి.

"నేను నలభైలోనే ఉన్నాను. ఇతనే ఎనభైలో దూసుకొచ్చాడు," అన్నారు మా ఆయన.

"అవున్సార్, తప్పు నాదే," అన్నాడతను తల వంచుకుని.

ఇంత తేలిగ్గా ఎవరైనా ఒప్పుకుంటారా? తాగాడా, లైసెన్సు లేదా, దొంగ బండా? నా అనుమానాలన్నీ అతని మీదే. పోలీసులు వచ్చి, మర్నాడు పొద్దున్నే ఇద్దరినీ స్టేషన్‌కు రమ్మన్నారు.

అతని తప్పు కాగితం మీద తేల్చేద్దామని ఇంటికి రాగానే లెక్క మొదలుపెట్టాను. గడ్డితో కలిపి పికప్ మా కారుకు రెండింతల బరువు. అది ఎనభైలో, మేం నలభైలో ఉంటే రెండూ కలిసి మా కారు వెనకవైపుకే జరగాలి. కానీ గాజుపెంకులు రాలిన చోటు నుంచి బండ్లు పది అడుగులు పికప్ వెనకవైపుకే వెళ్లాయి. మైనస్ తప్పు పెట్టానేమోనని మూడుసార్లు చూశాను. తప్పు లేదు. అంత బరువును వెనక్కి నెట్టాలంటే మా కారు దానికి రెండింతలకు మించిన వేగంతో ఉండాలి.

"ఏవండీ, మీరు నిజంగా నలభైలోనే ఉన్నారా?"

"నీ ట్యూషన్ లెక్కలు నా మీద వెయ్యకు. అతనే ఒప్పుకున్నాడుగా!"

"ఎందుకు ఒప్పుకున్నాడు?"

ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. లాగేశాను. చివరికి గొణిగారు: "తప్పు తనదంటే వాళ్ల అర్బాబ్‌తో మాట్లాడి పని పోకుండా చూస్తానన్నాను. లేదంటే ఊరికి పంపించేస్తారన్నాను." అర్బాబ్ అంటే అతని యజమాని. మా ఆయన మీద అసహ్యం వేసింది.

"రేపు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

పొద్దున స్టేషన్‌లో మొహం ముడుచుకునే అయినా ఆయనే నిజం చెప్పారు. బయట ఆ డ్రైవరును అడిగాను, నిన్ననే ఎందుకు చెప్పలేదని.

"నేను నలభై దాటలే మా. చెప్తే మాత్రం ఎవురు నమ్ముతారు? మీరు నమ్మేవాళ్లా?"

"నమ్మేదాన్ని కాదు," అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. అంత సిగ్గుపడిన రోజు నా జీవితంలో మరొకటి లేదు.